చెక్కితేనే చెక్క

సందేహం: బడిలో పిల్లలు ఉడ్‌కట్ పద్ధతిలో, అంటే కొయ్య పలకను చెక్కి, సిరా పూసి, కాగితం మీద అద్ది, త్రికోణాలు, గీతలతో వేసిన అచ్చులను ప్రదర్శనకు పెట్టి, కింద 'జ్యామితీయ నైరూప్య దారుశిల్పం' అని రాశాం. చూడవచ్చిన ఒక పెద్దాయన 'దారుశిల్పం' తప్పన్నారు. నిజమేనా? ఉడ్‌కట్‌కి మన మాట ఏది?
– ఒక డ్రాయింగ్ మాస్టారు, విజయనగరం

సమాధానం: నిజమే మాస్టారూ. దారువంటే సంస్కృతంలో కొయ్య, దారుశిల్పమంటే కొయ్యను చెక్కి చేసిన శిల్పం. మీకు దగ్గర్లోనే, బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి ఏకాండి వీణ చేస్తారు. దాన్ని దారుశిల్పం అనండి, ఎవరూ కాదనరు. చెక్కిన తర్వాత మిగిలిన కొయ్యే అక్కడ కళ. ఉడ్‌కట్‌లో చెక్కేసిన చోట కాగితం తెల్లగా ఉండిపోతుంది. ఉలి తగలని చోటే సిరా అంటి అచ్చు పడుతుంది. చివరికి గోడకు తగిలించేది కాగితాన్ని. సంస్కృతం అతికిస్తేనే మాటకు గౌరవమన్న భ్రమ మనకింకా పోలేదు. జనం నోట ఉన్న భాషను పుస్తకాల్లోకి రానివ్వమని పోరాడిన గిడుగు రామమూర్తి గారు పుట్టింది శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలోనే. కనీసం మన జిల్లాల్లోనైనా ఈ మోజు తగ్గాలి.

చుట్టితే చుట్ట, కట్టితే కట్ట, చెక్కితే చెక్క. చుట్ట సంగతి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే మన ఊళ్లవాళ్లకి వేరే చెప్పాలా! క్రియ చివరి ఉకారం అకారమైతే ఆ పనివల్ల ఏర్పడిన వస్తువు పేరు వచ్చింది. కాబట్టి చెక్క అంటే మొదట కొయ్య కాదు, కోసిన తునక అని నా నమ్మకం. నిమ్మచెక్కలో, కొబ్బరిచెక్కలో, వక్కచెక్కలో కొయ్య ఎక్కడుంది? నవ్వితే పొట్ట చెక్కలవుతుంది, దుఃఖానికి గుండె చెక్కలవుతుంది. దోసకాయకు తీసే చెక్కు, పెన్సిల్ చెక్కడం కూడా ఈ కుటుంబానివే. దుంగను కోసి పలకలు తీస్తూ ఉండగా, పలక పేరే కొయ్యకు స్థిరపడింది. కోత, కోసిన ముక్క రెండూ ఒకే మాటలో ఇమిడిన భాష మనది. దారువును అరువు తెచ్చుకోవడం ఎందుకు?

పైగా ఈ కళలో చెక్కను మరిచిపోకూడదు. బ్రెజిల్ కళాకారిణి లిజియా పాపె 1950లలో 'టెసెలారెస్' పేరుతో వరసగా ఉడ్‌కట్లు చేశారు. పేరులో నేత ఉంది, పనిలోనూ ఉంది. పడుగు పేకల్లా తెల్లని సన్న గీతలు, వాటి మధ్య నల్లని భాగాల్లో కొయ్య సొంత చారలు కూడా అచ్చులోకి దిగుతాయి. 1919లో జర్మనీలోని బౌహౌస్ కళాశాల ప్రకటనకు ముఖచిత్రంగా లియోనెల్ ఫైనింగర్ చెక్కిన చర్చి కూడా అంతా కోణాలే, ఉలి నడిచిన దారి తెలుస్తూనే ఉంటుంది.

అందుకని 'చెక్కచ్చు' అనమంటాను. అత్వసంధి బహుళం గనక 'చెక్క అచ్చు' అన్నా సరే. 'చెక్కబొమ్మ' అంటే పిల్లల ఆటబొమ్మ అనుకుంటారు. అసలు వట్టి త్రికోణాలను బొమ్మ అనవచ్చా అన్నది నేనింకా తేల్చుకోలేదు.

జ్యామితీయ, రేఖాగణిత రెండూ ఒప్పే. త్రికోణానికి రూపం ఉంది కదా, నైరూప్యం ఎలా అని అడిగేవాళ్లుంటారు. వాడుకలో కుదురుకున్న మాట, ఉండనివ్వండి. 'ఉడ్‌కట్' అని రాసినా నేను తప్పు పట్టను, జనానికి తెలిసిన మాటే. దారుశిల్పం చీటీలు మాత్రం ఈవారమే తీయించండి.