సునాద సంవత్సరంలో అమ్మిన పొలం ఉచితంగా వెనక్కి వచ్చేదా?

అవును, ప్రాచీన ఇశ్రాయేలు ధర్మశాస్త్రం ప్రకారం ప్రతి 50వ ఏట, అంటే సునాద సంవత్సరంలో, అమ్మిన పొలం పైసా కట్టకుండానే పాత కుటుంబానికి తిరిగి రావాలి. భూమి దేవుడిదని, మనుషులు అందులో పరవాసులేనని దాని వెనుక లెక్క. కాబట్టి పేరుకే అమ్మకం, నిజానికి కౌలు లాంటిదే. సునాదానికి ఇంకా 10 పంటలు మిగిలి ఉంటే 10 పంటల ధర, 2 ఉంటే రెండింటి ధరే. పొలం వెనక్కి ఇచ్చేస్తే కొన్నవాడు మునిగిపోతాడని అనిపించొచ్చు, కానీ అందుకే ఆ మాట నిలవదు.

ప్రాకారమున్న పట్టణంలో ఇల్లు మాత్రం వేరు. అమ్మినవాడు ఏడాదిలోపు డబ్బు కట్టి విడిపించుకోకపోతే ఇక కొన్నవాడిదే (దేవుడి సేవకు కేటాయించిన గోత్రమైన లేవీయుల ఇళ్లకు మినహాయింపు ఉంది).

చాలామంది పొరబడేది అప్పుల దగ్గర. 50వ ఏట బాకీలన్నీ రద్దనుకుంటారు. సునాద నియమాల్లో ఆ మాట లేదు. బాకీల విడుదల ప్రతి 7వ ఏటికి చెప్పింది, అదీ బైబిల్లోని ద్వితీయోపదేశకాండంలో.