నా పంచాంగం సైట్‌లో డబ్బిచ్చే విడ్జెట్ పెట్టొచ్చా?

మీరు పంచాంగం సైట్ నడుపుతున్నారు. క్రికెట్ స్కోరు చూపించే విడ్జెట్ పెట్టుకుంటే నెలనెలా డబ్బిస్తామని ఒక కంపెనీ అడిగింది. ఒక్క లైను కోడ్ అతికిస్తే చాలట, ప్రకటనలు వాటంతటవే వస్తాయట. చదివేవాళ్ళ ప్రైవసీకి, సైట్ భద్రతకి దీంతో ఏమైనా ఇబ్బందా అని మీ ప్రశ్న.

ఆ ఒక్క లైను స్క్రిప్ట్ అయితే, అంటే వాళ్ళ సర్వర్ నుంచి కోడ్ తెచ్చి మీ పేజీలో నడిపేదైతే, పెట్టకండి. ఒక బొమ్మ, దానికో లింకు మాత్రమే ఇస్తామంటే ఆలోచించవచ్చు. గుంటూరు వైపు కోచింగ్ సెంటర్లు, విత్తనాల షాపులు, లోకల్ వార్తల సైట్లు చూసుకోవడం నా పని. ఈ విషయంలో ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే ఒకటి దగ్గరుండి చూశాను.

ఒక వార్తల సైట్ యజమాని ఫోన్ చేశారు. "మన సైట్ తెరిస్తే బెట్టింగ్ యాప్ వస్తోందని జనం తిడుతున్నారండీ. నేను చూస్తే ఏమీ లేదు" అన్నారు. ఆయన ఆఫీసు కంప్యూటర్‌లో నిజంగానే ఏమీ లేదు, నా ల్యాప్‌టాప్‌లోనూ లేదు. ఫోన్‌లో, అదీ గూగుల్‌లో వెతికి వచ్చినవాళ్ళకి మాత్రం పేజీ సగం తెరుచుకునేలోపే వేరే సైట్‌కి పోతోంది. వెనక్కి వచ్చి మళ్ళీ నొక్కితే మామూలు వార్తే. దాంతో పాఠకులు చెప్పింది ఎవరూ నమ్మలేదు. ఫోన్‌ని కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి కలిపి, క్రోమ్ డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి, ఒక్కో రిక్వెస్ట్ ఎక్కడికి పోతోందో చూసుకుంటూ వెళ్తే మూలం దొరికింది. పేజీలో ఓ పక్కన స్కోరు చూపించే చిన్న బాక్స్! అది చాలాకాలంగా అక్కడే ఉంది, స్కోరూ సరిగ్గానే చూపిస్తోంది. వాళ్ళ సర్వర్ నుంచి వచ్చే ఫైలు మాత్రం మారిపోయింది.

"నేనేమీ ముట్టుకోలేదండీ" అన్నారాయన. నిజమే. సైట్‌ని ఎవరూ హ్యాక్ చేయలేదు, పాస్‌వర్డ్ పోలేదు. స్కోరు బాక్స్ లైను పెట్టినప్పుడే అనుమతి ఇచ్చేసినట్టు కాబట్టి ఆ బాక్స్ వాళ్ళకి హ్యాక్ చేయాల్సిన అవసరమే రాలేదు.

ఆ సైట్‌కి రోజూ వచ్చే ఒక రిటైర్డ్ మాస్టారు "ఫోన్ అప్‌డేట్ చేయండి" అని కనపడితే నొక్కి, ఏపీకే ఫైలు (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు) డౌన్‌లోడ్ చేసుకున్నారు. ఇన్‌స్టాల్ కాకముందే వాళ్ళబ్బాయి చూశాడు కాబట్టి సరిపోయింది. ఊరి వార్తలు, చావు కబుర్లు చూసుకునే సైట్ కదా అన్న నమ్మకంతోనే ఆయన నొక్కారు. మీ ప్రశ్న చదవగానే నాకు ఆయనే గుర్తొచ్చారు, ఎందుకంటే తిథి, వర్జ్యం చూసుకోవడానికి మీ దగ్గరికి వచ్చేవాళ్ళలో అలాంటి పెద్దవాళ్ళు చాలామందే ఉంటారు.

ఇది చిన్న సైట్లకే వచ్చే తిప్పలు కాదు. పాత బ్రౌజర్లలో కూడా పేజీలు సరిగ్గా పనిచేయడానికి పాలీఫిల్ డాట్ ఐఓ అనే ఉచిత సర్వీసు నుంచి ఎంతోమంది స్క్రిప్ట్ తెచ్చుకునేవారు. 2024 ఫిబ్రవరిలో ఆ డొమైన్ ఫన్నల్ అనే చైనా కంపెనీ చేతికి వెళ్ళింది. ఆ ప్రాజెక్టు మొదలుపెట్టిన ఆండ్రూ బెట్స్ అప్పుడే, మీ సైట్లలోంచి దాన్ని తీసేయండని చెప్పాడు. జూన్‌లో శాన్‌సెక్ అనే భద్రతా సంస్థ అసలు సంగతి బయటపెట్టింది. లక్షకు పైగా సైట్లు వాడుతున్న ఆ స్క్రిప్ట్‌లో దొంగ కోడ్ వస్తోంది. అది కొన్ని రకాల ఫోన్లలో, రోజులో కొన్ని వేళల్లో మాత్రమే పనిచేసేది. వచ్చింది సైట్ అడ్మిన్ అని గుర్తుపడితే కదలకుండా ఊరుకునేది. గూగుల్ అనలిటిక్స్ పేరులో ఎల్ ఉన్నచోట ఐ పెట్టిన దొంగ డొమైన్ మీదుగా జనాన్ని బెట్టింగ్ సైట్‌కి పంపేది. అంటే మీతో ఈరోజు మాట్లాడుతున్న కంపెనీ ఎంత మంచిదైనా, రేపు దాన్ని ఎవరు కొంటారో మీ చేతిలో లేదు.

ఊళ్ళలో ఇంటి గోడ మీద సిమెంటు కంపెనీ వాళ్ళని ప్రకటన రాసుకోనిస్తాం. వాళ్ళ పని గోడ వరకే. స్క్రిప్ట్ పెట్టడమంటే గోడతోపాటు ఇంటి తాళం కూడా ఇవ్వడం. ఆ కోడ్ మీ పేజీలో మీరు రాసిన కోడ్‌తో సమానంగా నడుస్తుంది. మీ సైట్‌లో జాతకం, పొంతనల ఫారం ఉందా? ఉంటే పేరు, పుట్టిన తేదీ, సమయం, ఊరు, ఫోన్ నంబరు అన్నీ అందులో టైప్ చేస్తారు. అదే పేజీలో ఉన్న స్క్రిప్ట్ వాటన్నిటినీ చదవగలదు. 2018లో టికెట్‌మాస్టర్ యూకేకి జరిగింది ఇదే. ఇన్‌బెంటా అనే వేరే కంపెనీ చాట్‌బాట్ కోడ్‌ని వాళ్ళు డబ్బు కట్టే పేజీలో కూడా పెట్టారు. దొంగలు ఆ కోడ్‌ని మార్చి కార్డు వివరాలు లాగేశారు. బ్రిటన్ డేటా రక్షణ సంస్థ 2020 నవంబరులో 12.5 లక్షల పౌండ్ల జరిమానా వేసింది, అదీ టికెట్‌మాస్టర్‌కే.

దొంగతనం ఏమీ లేని విడ్జెట్ కూడా ఊరికే కూర్చోదు. పేజీ తెరవగానే చదివేవాళ్ళ ఫోన్ నేరుగా ఆ కంపెనీ సర్వర్‌తో మాట్లాడుతుంది, వాళ్ళు దేన్నీ నొక్కకపోయినా సరే. ఐపీ అడ్రస్ (నెట్‌లో ఆ ఫోన్ చిరునామా) వెళ్తుంది, ఏ ఫోనో ఏ బ్రౌజరో తెలుస్తుంది, ఏ పేజీ చూస్తున్నారో స్క్రిప్ట్ చదువుకుంటుంది. జర్మనీలో ఫ్యాషన్ ఐడీ అనే బట్టల సైట్ ఫేస్‌బుక్ లైక్ బటన్ పెట్టిన కేసులో, అలా సమాచారం సేకరించి పంపించడంలో సైట్ యజమానికి కూడా బాధ్యత ఉందని యూరోపియన్ కోర్టు 2019 జులైలో తేల్చింది. మీ పంచాంగం చూసేవాళ్ళలో యూరప్‌లో ఉన్న మనవాళ్ళు ఉంటే ఇది మీకూ వర్తించవచ్చు.

ఇంకో సంగతి. క్రికెట్ స్కోరు పక్కన ఏ ప్రకటనలు వస్తాయో ఊహించడం కష్టం కాదు. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ప్రకారం డబ్బు పెట్టి ఆడే ఆటలకి ప్రకటనలు వేయడం నేరం. రెండేళ్ళ దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. విడ్జెట్‌లో ఏం చూపించాలో నిర్ణయించేది వాళ్ళు, అది కనిపించేది మీ సైట్‌లో.

అయినా ఆ ఆదాయం మీకు కావాలి, అది తప్పేమీ కాదు. కంపెనీ వాళ్ళని ఇలా అడిగి చూడండి. బొమ్మ, లింకు పంపమనండి, ఆ బొమ్మని మీ సర్వర్‌లోనే పెట్టుకోండి. డబ్బు తీసుకున్న లింకు కాబట్టి లింకు కోడ్‌లో రెల్ యాట్రిబ్యూట్ అనే చోట స్పాన్సర్డ్ అని రాయండి, లేకపోతే గూగుల్ దాన్ని ర్యాంకు కోసం పెట్టిన దొంగ లింకుగా లెక్కేయవచ్చు. స్కోరు తప్పకుండా కావాలంటే వాళ్ళ డొమైన్ నుంచే వచ్చే ఐఫ్రేమ్‌లో (మీ పేజీలో వేరే సైట్‌ని విడిగా చూపించే చిన్న కిటికీ), అది ఏమేం చేయొచ్చో కట్టడి చేసే శాండ్‌బాక్స్ యాట్రిబ్యూట్‌తో పెట్టండి. స్క్రిప్టులు నడిచే అనుమతి, నొక్కితే కొత్త ట్యాబ్ తెరుచుకునే అనుమతి చాలు. మీ పేజీనే వేరేచోటికి మళ్ళించే అనుమతి ఇవ్వొద్దు. జాతకం ఫారం ఉన్న పేజీలో మాత్రం అదీ వద్దు. వీటికి ఒప్పుకోకుండా స్క్రిప్టే పెట్టాలని పట్టుబడితే వదిలేయండి.

ఒకవేళ ఇప్పటికే పెట్టి ఉంటే ఆ లైను ఇవాళే తీసేయండి. సైట్ క్యాష్ (దాచి ఉంచిన పాత పేజీల కాపీలు) ఖాళీ చేసి, మీ లాగిన్ లేని వేరే ఫోన్‌లో, వైఫై ఆపి మొబైల్ డేటా మీద, గూగుల్‌లో వెతికి మీ సైట్ తెరిచి చూడండి. అడ్మిన్ యూజర్ల లిస్టులో మీకు తెలియని పేరు ఉందేమో చూసి, పాస్‌వర్డ్ మార్చండి. పాఠకుల్లో ఎవరైనా డబ్బు పోయిందని చెబితే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి.