ఆక్టిన్ పెరగకుండానే కణం ఎలా గట్టిపడుతుంది?

గుంటూరులో బీఎస్సీ చదువుతున్న ఒక విద్యార్థిని, కణానికి ఆకారాన్నిచ్చే సన్నని తంతువులుగా ఏర్పడే ప్రోటీన్ అయిన ఆక్టిన్ మొత్తం పెరగకుండానే కణం గట్టిపడటం ఎలా సాధ్యమని అడిగారు. భవనాలకు కట్టే పరంజాలో వెదుళ్ల సంఖ్య ఎంత ముఖ్యమో వాటిని బిగించే కట్లు కూడా అంతే ముఖ్యం. కణ అస్థిపంజరంలో ఆ కట్ల పని చేసేవి అనుసంధాన ప్రోటీన్లు. సుమారు 7 నానోమీటర్ల మందం గల ఆక్టిన్ తంతువులను ఫాసిన్ దగ్గరగా చేర్చి బిరుసైన కట్టలుగా మారుస్తుంది. పొడవైన, వంగే స్వభావం గల ఫిలమిన్ మాత్రం వాటిని అడ్డంగా కలిపి జాలకంగా అల్లుతుంది. ఆ జాలకం సాగదీసే కొద్దీ మరింత గట్టిపడుతుంది.

అసలు విశేషం, పాఠాల్లో తరచు దాటవేసేది, ఈ బంధాలు శాశ్వతం కాకపోవడం. మరో అనుసంధాన ప్రోటీన్ అయిన ఆల్ఫా-ఆక్టినిన్ కొన్ని సెకన్లలోనే తంతువును వదిలి మళ్లీ పట్టుకుంటుంది కనుక, అదే జాలకం క్షణకాలపు ఒత్తిడికి స్థితిస్థాపక ఘనపదార్థంలా ఎదురు నిలుస్తుంది, నిమిషాల తరబడి లాగితే చిక్కని ద్రవంలా జారుతుంది. పట్టు మరీ బలపడినా ముప్పే: ఆల్ఫా-ఆక్టినిన్‌లో ఒక రకమైన ఆల్ఫా-ఆక్టినిన్-4లోని కొన్ని ఉత్పరివర్తనలు (జన్యు మార్పులు) ఆక్టిన్‌పై దాని పట్టును పెంచి, మూత్రపిండంలోని వడపోత కణాలను దెబ్బతీస్తాయి.