గుంటడి నోట్‌బుక్ ఒకసారి తెరిచి చూడండి

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా చీపురుపల్లి దగ్గర పల్లె. మా గుంటడు ఇంటర్ మొదటి ఏడాది, ఎంపీసీ. రాత్రి పదయ్యాక ల్యాప్‌టాప్‌లో విమానం నడిపే ఆట మొదలెడతాడు. నోట్‌బుక్ నిండా విమానాశ్రయాల పేర్లు, దూరాలు, గీతలే. పైలట్ అవుతానంటున్నాడు. ఉన్న పొలం అమ్మి చేర్పించాలా, లేక ఆటని మాన్పించాలా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అయ్యా, పొలం మాట చివర్లో మాట్లాడదాం. ముందు ఆ నోట్‌బుక్ తెచ్చి, అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని, ఒక పేజీలో ఏం రాశాడో చెప్పమనండి. అతను చెప్పేదాంట్లోనే మీ ప్రశ్నకి సగం జవాబు ఉంటుంది.

విమానం లేపడం, దించడం వరకే అయితే అది సరదా. బయల్దేరే ముందు చుట్టుపక్కల ఏ విమానాశ్రయాలున్నాయి, ఎంత దూరం, ఇంధనం ఎంత కావాలి, అక్కడ దిగలేకపోతే ఎక్కడికి పోవాలి అని లెక్క వేస్తున్నాడంటే మాత్రం, కమర్షియల్ పైలట్ లైసెన్స్ పరీక్షల్లో ఉండే ఎయిర్ నావిగేషన్ పేపర్‌కి తెలియకుండానే తయారవుతున్నట్టు.

ఒక ఉదాహరణ చెబుతాను. విశాఖ నుంచి రాజమండ్రి వరకు గాలిలో నేరుగా సుమారు 88 నాటికల్ మైళ్లు. నాటికల్ మైలంటే 1.852 కిలోమీటర్లు. ఇకపై మైలన్నదల్లా ఇదే. సెస్నా 172 లాంటి చిన్న విమానం 110 నాట్ల వేగంతో, అంటే గంటకి 110 నాటికల్ మైళ్లు పోతే 48 నిమిషాలు పడుతుంది. రాజమండ్రిలో వాన కమ్మేసి దిగే వీలు లేకపోతే విజయవాడ పోవాలి. అది మరో 68 మైళ్లు, 37 నిమిషాలు. ఆ పైన 45 నిమిషాలకి సరిపడా ఇంధనం మిగలాలి అనుకుందాం. మొత్తం 130 నిమిషాలు. గంటకి 34 లీటర్లు తాగుతుందనుకుంటే దాదాపు 74 లీటర్లు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ దారి పడమర, నైరుతి మధ్యకి పోతుంది. మన వానాకాలపు గాలి అటునుంచే ఎదురొస్తుంది. 15 నాట్ల ఎదురుగాలి ఉంటే 48 నిమిషాల ప్రయాణం 56 అవుతుంది. ఈ తేడా ఎందుకొచ్చిందో మీ అబ్బాయి తడుముకోకుండా చెప్పగలిగితే ఆసక్తి నిజమైనదేనని నేను నమ్ముతాను.

ఇక ఈ మాటలు బాబుకి. సిమ్యులేటర్‌లో, అంటే నీ విమానం ఆటలో, విమానాశ్రయాన్ని నాలుగు అక్షరాల కోడ్‌తో వెతుకు. విశాఖది వీఓవీజెడ్, రాజమండ్రిది వీఓఆర్‌వై, భువనేశ్వర్‌ది వీఈబీఎస్. వీఓ అంటే దక్షిణ భారతం, వీఈ అంటే తూర్పు. లిటిల్ నావ్‌మ్యాప్ అనే మ్యాప్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. నువ్వున్న చోటి నుంచి ఇంత దూరంలో ఉన్న విమానాశ్రయాలేవో చూపిస్తుంది, రూటు గీస్తుంది, దాన్ని సిమ్యులేటర్‌లోకి పంపిస్తుంది. కానీ అది గీసేముందు దూరం, దిక్కు, సమయం నువ్వే కాగితం మీద కట్టి, తర్వాత పోల్చి చూసుకో. పరీక్ష హాల్లో అది నీ పక్కన ఉండదు.

ఇంకో సంగతి. విమానయానంలో మ్యాపులు, రూట్ల సమాచారం 28 రోజులకోసారి మారుతుంది. పాత డేటా పెట్టుకుంటే మన భోగాపురం విమానాశ్రయం నీ తెరమీద కనిపించకపోవచ్చు.

కొండల్ని మర్చిపోకు. విశాఖ నుంచి ఒడిశాలోని జయపురం 80 మైళ్ల లోపే. దగ్గరే కదా అని 3,000 అడుగుల ఎత్తులో పోతే తూర్పు కనుమలు అడ్డొస్తాయి. ఆ పక్కనే ఉన్న దేవమాలి కొండ ఎత్తు 1,672 మీటర్లు, అంటే దాదాపు 5,500 అడుగులు. నాకు ఇష్టమైన అభ్యాసం మాత్రం విశాఖ నుంచి భువనేశ్వర్ రూటు, సుమారు 211 మైళ్లు. సముద్రాన్ని కుడివైపు ఉంచుకుని పో. కళ్లేపల్లి దగ్గర నాగావళి, కళింగపట్నం దగ్గర వంశధార కడలిలో కలిసే చోట్లు, ఆ తర్వాత చిలికా సరస్సు గుర్తులుగా పెట్టుకో. జీపీఎస్ ఆపేసి, గడియారం చూసుకుంటూ ఒక్కో నది ఎన్ని నిమిషాలకి రావాలో ముందే రాసుకుని ఎగురు. ఊళ్లో పెద్దలు పడవని ఒడ్డు గుర్తులతో నడిపిన పద్ధతే ఇది.

అయ్యా, మళ్లీ మీతో. ఇంట్లో ల్యాప్‌టాప్ మీద ఎన్ని గంటలు ఎగిరినా లైసెన్స్‌కి ఒక్క గంట కూడా లెక్కకి రాదు. కమర్షియల్ లైసెన్స్‌కి 18 ఏళ్లు నిండాలి, 200 గంటలు ఎగరాలి, ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉండాలి. ఖర్చు ఇప్పుడు మామూలుగా 40 లక్షలు దాటుతోంది. లైసెన్స్ చేతికొచ్చినా వెంటనే ఉద్యోగం వస్తుందన్న హామీ లేదు. కాబట్టి డబ్బు కట్టే ముందు, లైసెన్స్ ఇచ్చే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ గుర్తించిన డాక్టర్ల దగ్గర మెడికల్ చేయించండి. ముందు తొలి మెట్టు క్లాస్ 2 పరీక్ష, తర్వాత కమర్షియల్ లైసెన్స్‌కి కావాల్సిన క్లాస్ 1. ఫీజు కట్టేశాక రంగుల చూపులో లోపం బయటపడితే ఆ ఇంటి బాధ నేను చూడలేను.

ఈ లెక్కలంటేనే ఇష్టమైతే మరో దారి ఉంది. ఫిజిక్స్, మ్యాథ్స్‌తో బీఎస్సీ గానీ, ఇంజినీరింగ్ గానీ పూర్తిచేస్తే ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ వారి జూనియర్ ఎగ్జిక్యూటివ్ పరీక్ష రాసి, నేల మీంచి విమానాలకి దారి చెప్పే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ కావచ్చు. పొలం అమ్మక్కర్లేదు. విమాన సంస్థల్లో ఫ్లైట్ డిస్పాచర్లుంటారు. రూటు, ఇంధనం, ప్రత్యామ్నాయ విమానాశ్రయం చూసుకోవడమే వాళ్ల పని. నేనైతే ఈ రెండింటినీ పైలట్‌తో సమానంగా అతని ముందు పెడతాను.

ఆటని మాన్పించొద్దు, వేళ మార్చండి. రాత్రి పది తర్వాత వద్దు. ఆదివారం పొద్దున్న రెండు గంటలు, ఒకే రూటు, ముందు కాగితం మీద, తర్వాత తెర మీద. ఇంటర్ మార్కులు, మెడికల్ రిపోర్టు రెండూ చేతికొచ్చేదాకా పొలం కాగితాలు బయటికి తీయకండి.