ప్యాడ్లు కొత్తవే, మరి బ్రేక్ ఎందుకు అరుస్తోంది?

ఈ వారం ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల సందేహాలు పక్కన పెట్టా. చెన్నై నుంచి బ్రేకుల మీద మూడు మెయిల్స్ వచ్చాయి, వాటికి వచ్చే వారం దాకా ఆగడం కరెక్ట్ కాదనిపించింది.

ప్రశ్న: మాది వేలచ్చేరి, పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. నాలుగు నెలల కింద వీడియోలు చూసి ముందు బ్రేక్ ప్యాడ్లు నేనే మార్చుకున్నా. అప్పట్నుంచి మెల్లగా బ్రేక్ వేస్తే ఎడమవైపు కీచుమంటోంది. మొన్న చక్రం విప్పి కొలిస్తే ఎడమ లోపలి ప్యాడ్ 5 మిల్లీమీటర్లు, బయటిది 9. కుడివైపు రెండూ సమానం. 2023 డిసెంబర్లో మిచౌంగ్ తుఫానప్పుడు బండి సగం చక్రం దాకా నీళ్లలో ఉంది. వేరే కంపెనీ ప్యాడ్లు వేసి చూడనా?

జవాబు: ఇప్పుడే వద్దండీ. మీరు కొలిచి పంపిన ఆ 5, 9 అనే అంకెల్లోనే సగం జవాబు ఉంది. ఒకే చక్రం, ఒకే డిస్కు, ఒకే డబ్బాలోంచి తీసిన ప్యాడ్లు, వాటిలో ఒకటి అరిగిపోయి ఇంకోటి నిక్షేపంగా ఉందంటే తప్పు ప్యాడ్‌ది కాదు, దాన్ని కదిపే భాగాలది. కొత్తవి వేసినా మళ్లీ లోపలిదే అరుగుతుంది.

డిస్కుని రెండువైపులా ప్యాడ్లతో పట్టుకునే భాగాన్ని క్యాలిపర్ అంటారు. మీ బండి లాంటి చిన్న కార్లలో దాని పిస్టన్ ఒక్క లోపలివైపే ఉంటుంది. పెడల్ తొక్కగానే అది లోపలి ప్యాడ్‌ని డిస్కు మీదకి నొక్కుతుంది, ఆ తోపుడికి క్యాలిపర్ బాడీ మొత్తం రెండు పిన్నుల మీద జారి బయటి ప్యాడ్‌ని కూడా లాక్కొస్తుంది. కాలు తీయగానే పిస్టన్ చుట్టూ ఉన్న రబ్బరు సీలు దాన్ని వెంట్రుకవాసి వెనక్కి లాగుతుంది. ఇప్పుడు పిన్ను తుప్పు పట్టి బిగుసుకుంటే బాడీ జరగదు, భారమంతా లోపలి ప్యాడ్ మీదే పడుతుంది. పిస్టన్ వెనక్కి రాకపోయినా అదే ప్యాడ్ డిస్కుకి రాసుకుంటూ ఉంటుంది. అరుగుదల రెండింట్లోనూ ఒకేలా కనిపిస్తుంది కాబట్టి ఏదో తేల్చుకోవాలి. తుఫాను నీళ్ల సంగతి చెప్పారు కదా, పిన్నుల మీద రబ్బరు బూటు ఎక్కడైనా చిరిగి ఉంటే ఆ నీళ్లు లోపలికి వెళ్లి కూర్చుంటాయి, తుప్పు ఇన్నాళ్లకి బయటపడటంలో ఆశ్చర్యం లేదు.

విప్పే ముందు ఒక పని చేయండి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ గన్ దొరికితే, మామూలుగా ఓ పది కిలోమీటర్లు నడిపి, సేఫ్‌గా ఆపి, రెండు ముందు డిస్కుల మీదా ఒకే దూరం నుంచి ఒకే చోట పెట్టి చూడండి. మెరిసే లోహం మీద ఆ గన్ అసలు వేడి కంటే తక్కువ చూపిస్తుంది కాబట్టి అంకెని నమ్మొద్దు, ఎడమకీ కుడికీ తేడా చూడండి. ఎడమది బాగా వేడిగా ఉంటే బ్రేకు పట్టేసి ఉంటోందనే అర్థం. చేత్తో మాత్రం ముట్టుకోకండి.

ఇక విప్పడం. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కింద చెయ్యి పెట్టొద్దు, స్టాండు ఉండాల్సిందే, ఇటుకలు అస్సలు పనికిరావు. క్యాలిపర్ విప్పాక దాన్ని బ్రేక్ ఫ్లూయిడ్ వచ్చే హోసు మీద వేలాడనివ్వకుండా తీగతో కట్టండి. పిన్నులు వేలితో లాగితే మెత్తగా జారి రావాలి, మెలిపెడితే గానీ రాకపోతే దొంగ దొరికినట్టే. పాత గ్రీజు, తుప్పు మొత్తం తుడిచి సిలికాన్ బ్రేక్ గ్రీజు పలచగా రాయండి. ఇంట్లో ఉన్న మామూలు గ్రీజు వద్దు, దానికి రబ్బరు ఉబ్బి పిన్ను మళ్లీ పట్టేస్తుంది. కొన్ని బండ్లలో ఒక పిన్నుకి మాత్రమే చివర రబ్బరు బుష్ ఉంటుంది, పైదీ కిందదీ మారిపోకుండా చూస్కోండి. పిన్ను గుంటలు పడి ఉంటే కొత్త పిన్ కిట్ కొనండి, మౌంట్ రోడ్ పక్కన జనరల్ ప్యాటర్స్ రోడ్‌లో అడగండి. బ్రేకుల విషయంలో పుదుపేటలో సెకండ్ హ్యాండ్ సామాను మాత్రం నేను ఒప్పుకోను.

పిన్నులు బానే ఉన్నాయా, అయితే పిస్టన్. బ్రేక్ ఫ్లూయిడ్ రిజర్వాయర్ మూత తీసి సి-క్లాంపుతో మెల్లగా నొక్కితే అది లోపలికి వెళ్లాలి. మొరాయిస్తుంటే బ్లీడ్ నిపుల్ (క్యాలిపర్ మీద ఫ్లూయిడ్, గాలి బయటికి వదిలే చిన్న స్క్రూ) కాస్త వదులు చేయండి, అప్పుడు సులువుగా వెళ్తే పిస్టన్ మంచిదే, హోసు లోపల ఉబ్బి ఫ్లూయిడ్‌ని వెనక్కి రానివ్వట్లేదన్నమాట. నిపుల్ తెరిచారంటే తర్వాత గాలి తీయాలి, అది ఎప్పుడూ చేయకపోతే ఇక్కడితో ఆపి మెకానిక్‌కి ఇచ్చేయండి.

సౌండ్‌కి ఇంకో రెండు చోట్లు చూడాలి. చాలా ప్యాడ్లకి ఒక సన్న రేకు ఉంటుంది, ప్యాడ్ అరిగాక డిస్కుకి తగిలి కీచుమనడానికే పెట్టింది, అది వంగినా, ఆ ప్యాడ్‌ని తప్పు స్థానంలో పెట్టినా మొదటి రోజు నుంచే అరుస్తుంది. రెండోది ప్యాడ్ చెవులు కూర్చునే స్టీలు క్లిప్పులు. వాటి కింద తుప్పు పొర కడితే క్లిప్పు పైకి లేచి ప్యాడ్ బిగుసుకుంటుంది, వైరు బ్రష్‌తో ఆ తుప్పు గీకితే ప్యాడ్ వేలితో జరుగుతుంది. ఊదొద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు, బ్రేక్ క్లీనర్ స్ప్రే వాడండి, మాస్కు పెట్టుకోండి.

అన్నీ సరిచేశాక అప్పుడు కొత్త సెట్ వేసుకోండి, రెండు చక్రాలకీ కలిపే. డిస్కు మీద కనీస మందం అచ్చువేసి ఉంటుంది, మీది దానికంటే తగ్గిపోయి ఉంటే డిస్కు కూడా మార్చాలి. బండి కదిలించే ముందు పెడల్ గట్టిపడే దాకా తొక్కండి, పిస్టన్ వెనక్కి నొక్కాక మొదటి తొక్కుడికి బ్రేకు పడదు, ఇది మర్చిపోయి పార్కింగ్ గోడని గుద్దే ప్రమాదం నిజంగా ఉంది. తర్వాత కొత్త ప్యాడ్లు డిస్కుకి కుదురుకునేలా ఆదివారం పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద 50 స్పీడు నుంచి 10కి ఓ ఎనిమిదిసార్లు పూర్తిగా ఆపకుండా తగ్గించి, చివర్లో బ్రేకు వాడకుండా కాసేపు నడిపి చల్లారనివ్వండి.

ప్రశ్న: తాంబరం నుంచి. మా కారుకి బటన్ హ్యాండ్‌బ్రేక్. వెనక ప్యాడ్లు మార్చడానికి చవక బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ (కారు కంప్యూటర్ని ఫోన్లో చదవడానికి తగిలించేది) సరిపోతుందా?

జవాబు: చాలా వరకు సరిపోదు. అలాంటి డాంగిల్‌తో వచ్చే మామూలు యాప్‌లు ఇంజిన్ కోడ్లు చదువుతాయి, వెనక క్యాలిపర్‌లోని మోటారుని వెనక్కి తిప్పే సర్వీస్ మోడ్ మాత్రం ఎక్కువగా ఆ బ్రాండుకి పనిచేసే స్కానర్‌లోనే ఉంటుంది. ఆ మోడ్‌లో పెట్టకుండా సి-క్లాంపుతో నొక్కితే లోపలి మెకానిజం విరిగే ప్రమాదం ఉంది, దాని ఖర్చు ప్యాడ్ల ఖర్చు కంటే చాలా ఎక్కువ.

ప్రశ్న: తిరువాన్మియూర్‌లో బీచ్ దగ్గర ఉంటాం. వాన పడిన మర్నాడు పొద్దున మొదటి బ్రేకుకి గరగరమంటుంది.

జవాబు: డిస్కు పోత ఇనుము, తడి తగిలితే రాత్రికి రాత్రే పైన పలచగా తుప్పు పడుతుంది, మీ దగ్గర ఉప్పుగాలి కాబట్టి ఇంకొంచెం ఎక్కువ. నాలుగైదు బ్రేకులకి పోతే కంగారు లేదు. పోకపోతే, లేదా పెడల్ వణుకుతుంటే మాత్రం చక్రం విప్పించి రెండు ప్యాడ్ల మందం కొలిచి నాకు రాయండి.