టాస్క్‌లెట్లు తీసేసే ముందు ఓ మాట, అల్లుడూ

ఏరా అల్లుడూ,

నీ మెసేజ్ రాత్రే చూసేను గానీ కరెంటు పోయి నెట్ లేదు, ఇప్పుడు తీరిగ్గా అరుగు మీద కూచుని రాస్తున్నా. మీ లినక్స్ డ్రైవర్లో ఉన్న 11 టాస్క్‌లెట్లనీ (ఇంటరప్ట్, అంటే హార్డ్‌వేర్ పిలుపు, వచ్చేక మిగిలిన పనిని వెంటనే చేసే చిన్న ఫంక్షన్లు) వర్క్‌క్యూలోకి (అదే పనిని ఒక థ్రెడ్ వచ్చి చేసే వరసలోకి) మార్చమన్నారు, ఫైండ్ రీప్లేస్ కొట్టేస్తే రెండ్రోజుల్లో అయిపోద్ది మావయ్యా అన్నావు చూడూ, అది చదివేకే నాకు కాస్త భయం వేసింది.

మార్చడం మంచిదే, కాదన్ను. లినక్స్ కెర్నల్ 2.4 కాలం నించి ఉన్న సరుకు అది, వదిలించుకుందాం అని కెర్నల్ వాళ్ళు ఏళ్ళ తరబడి అంటూనే ఉన్నారు. టాస్క్‌లెట్లో నిద్రపోకూడదు, అంటే దేనికోసమూ సీపీయూని వదిలి ఆగకూడదు, మ్యూటెక్స్ (దొరికే దాకా నిద్రపోయే రకం లాకు) పట్టకూడదు, కాస్త ఎక్కువసేపు కూచుంటే ఆ సీపీయూ మీద మిగతా పనులన్నీ నోరెళ్ళబెట్టుకుని చూస్తుంటాయి. వర్క్‌క్యూ అయితే మామూలు థ్రెడ్డే కాబట్టి ఆ బాధ లేదు. కానీ నువ్వు మారుస్తున్నది ఫంక్షన్ పేరు అనుకుంటున్నావు, నిజానికి ఆ పని ఎక్కడ నడుస్తుంది, ఏ లాకు కింద నడుస్తుంది, ఎప్పుడు ఆగుతుంది, ఈ మూడూ ఒకేసారి మారిపోతున్నాయి. అందుకే ముందు కోడ్ ముట్టుకోకు. ఓ తెల్ల కాయితం తీసుకుని ఒక్కో టాస్క్‌లెట్‌కీ దాన్ని ఎవరు లేపుతున్నారు, అది ఏ డేటా ముట్టుకుంటుంది, అదే డేటాని ఇంకెవరు ముట్టుకుంటున్నారు, చివర్లో ఎవరు ఆపుతున్నారు రాయి. 11కీ రాయి, విసుగొచ్చినా సరే.

అన్నిట్లోకీ ఆపడమే కష్టం రా. ఎండాకాలం మన కాలవలు కట్టేసినప్పుడు చూసేవుగా, ముందు ధవళేశ్వరం దగ్గర పైన నీళ్ళు ఆపుతారు, తర్వాత కాలవలో ఉన్న నీరు దిగే దాకా చూస్తారు, అప్పుడు గానీ పూడిక తియ్యడానికి కింద మనిషి దిగడు. డ్రైవర్ తీసేసేటప్పుడూ అదే వరస. ముందు పైనించి పని వచ్చే దారులు, అంటే ఇంటరప్టూ టైమరూ, మూసెయ్యి, తర్వాత క్యాన్సిల్ వర్క్ సింక్ కొట్టి నడుస్తున్నది అయ్యే దాకా ఆగు, అప్పుడు మెమరీ ఫ్రీ చెయ్యి. తల్లకిందులుగా రాస్తే ఏవవుద్దంటే నువ్వు క్యాన్సిల్ చేసిన మరుక్షణం ఇంకో ఇంటరప్ట్ వచ్చి అదే పనిని మళ్ళీ క్యూలో పడేస్తుంది, ఈలోపు నువ్వు మెమరీ వదిలేస్తావు, ఇంక ఆ హ్యాండ్లర్, అంటే ఆ పని చేసే ఫంక్షన్, ఎవరి ఇంట్లోకి దూరుతుందో దేవుడికే తెలియాలి.

నేను పడ్డాను కాబట్టి చెప్తున్నా. బెంగుళూర్లో ఉన్నప్పుడు ఒక డ్రైవర్లో టైమర్ వచ్చి వర్క్‌ని లేపేది, ఆ వర్క్ పని చూసుకుని వెళ్తూ వెళ్తూ టైమర్‌ని మళ్ళీ పెట్టేది. టైమర్ ముందు ఆపితే వర్క్ దాన్ని బతికిస్తుంది, వర్క్ ముందు ఆపితే టైమర్ దీన్ని బతికిస్తుంది, గానుగెద్దులా తిరుగుడే. నేను చూసుకోలేదు. కస్టమర్ దగ్గర పది రోజులకోసారి క్రాష్, మా టేబుల్ మీద ఒక్కసారీ రాదు, మూడు వారాలు తిండి సహించలేదు. చివరికి ఆగిపోతున్నాం అని ఒక ఫ్లాగ్ పెట్టి గట్టెక్కేను. మీకిప్పుడు ఆ అవస్థ లేదు, కెర్నల్ 6.2 నించి టైమర్ షట్‌డౌన్ సింక్ ఉంది, ఒకసారి అది కొడితే ఎవరు మళ్ళీ పెట్టబోయినా టైమర్ లేవదు, దాని తర్వాత వర్క్‌ని క్యాన్సిల్ చేస్తే సరి. అలాగే కోడ్‌లో టాస్క్‌లెట్ డిజేబుల్, ఎనేబుల్ అని ఎక్కడైనా ఉంటే క్యాన్సిల్‌తో సరిపెట్టకు, 6.10లో డిజేబుల్ వర్క్ సింక్ వచ్చింది, దానికి ఇదే జోడీ. మీ బోర్డు మీద కెర్నల్ అంతకన్నా పాతదైతే మాత్రం నాలాగే ఫ్లాగ్ పెట్టుకోవాలి.

ఇంకోటి, ఆ క్యాన్సిల్ సింక్‌ని మ్యూటెక్స్ పట్టుకుని పిలవకు. హ్యాండ్లర్ కూడా అదే మ్యూటెక్స్ కోసం చూస్తుంటే నువ్వు దానికోసం అది నీకోసం, ఇద్దరూ అలా కూచోవడమే.

లాకుల సంగతికొస్తే, మన లొల్ల కాలవ లాకులు కాదులే, నీ స్పిన్‌లాకులు, అంటే దొరికే దాకా నిద్రపోకుండా అక్కడే తిరుగుతూ ఉండే రకం. టాస్క్‌లెట్ లోపల ఒట్టి స్పిన్ లాక్ సరిపోయేది, ఎందుకంటే అదే సీపీయూ మీద ఇంకో సాఫ్ట్ఐఆర్‌క్యూ (టాస్క్‌లెట్లూ టైమర్లూ నడిచే రకం పని) దాని మీదెక్కి నడవదు. అదే కోడ్ వర్క్‌క్యూలోకి వచ్చేక ఆ కాపలా పోయింది. వర్క్ లాక్ పట్టుకుని ఉండగా ఇంటరప్ట్ వెనకాలే ఒక టైమర్ కాల్‌బ్యాక్ వచ్చి అదే లాక్ అడిగిందనుకో, ఆ సీపీయూ అక్కడికక్కడే ఉరేసుకున్నట్టే. అందుకని టైమరో మిగిలిన టాస్క్‌లెట్టో వాడే లాక్ అయితే బీహెచ్ ఉన్న స్పిన్ లాక్ (పట్టుకున్నంతసేపూ ఆ సీపీయూ మీద సాఫ్ట్ఐఆర్‌క్యూల్ని ఆపేది) వాడు, ఇంటరప్ట్ హ్యాండ్లర్ కూడా వాడితే ఐఆర్‌క్యూసేవ్ (ఇంటరప్టుల్నీ ఆపేది). ఫైండ్ రీప్లేస్‌కి ఇది కనపడదురా, కాయితం మీద రాస్తేనే కనపడుద్ది. నిద్రపోవచ్చు కదా అని అన్ని చోట్లా జీఎఫ్‌పీ కెర్నల్ (మెమరీ అడిగేటప్పుడు అవసరమైతే నిద్రపోయే పద్ధతి) పెట్టెయ్యకు, హ్యాండ్లర్ లోపల స్పిన్‌లాక్ పట్టుకున్న చోట అది ఇంకా అటామిక్కే, అంటే అక్కడ నిద్ర కుదరదు.

11కి 11 వర్క్‌క్యూకే వెళ్ళాలని కూడా లేదు. టాస్క్‌లెట్ ఇంటరప్ట్ అవగానే దాదాపు వెంటనే నడుస్తుంది, వర్క్ అయితే షెడ్యూలర్ పిలిచే దాకా ఆగాలి, లోడ్ ఎక్కువున్నప్పుడు ఆ తేడా తెలుస్తుంది. ట్రేస్ ఆన్ చేసి క్యూలో పడ్డ టైమూ నడవడం మొదలైన టైమూ రెండూ చూడు. ఆలస్యం తట్టుకోలేనిదైతే 6.9లో వచ్చిన బీహెచ్ వర్క్‌క్యూ ఉంది, నడిచేది పాత చోటే, సాఫ్ట్ఐఆర్‌క్యూలోనే, కాబట్టి అందులోనూ నిద్ర కుదరదు. ఇంటరప్ట్ వెనకాలే రావాల్సిన పని అయితే థ్రెడెడ్ ఐఆర్‌క్యూ (ఇంటరప్ట్ పనిని దాని సొంత థ్రెడ్లో నడిపేది) ఇంకా శుభ్రం, అది 2.6.30 నించీ ఉంది. ఒకదాని తర్వాత ఒకటే నడవాలన్న పనులకి ఆర్డర్డ్ వర్క్‌క్యూ తీసుకో, డిస్కుకి రాసే దారిలో ఉన్నదైతే మెమరీ నిండుకున్నా పని ఆగకుండా చూసే మెమ్ రిక్లెయిమ్ ఫ్లాగ్ మర్చిపోకు.

ప్యాచ్‌లు ఒక్కో టాస్క్‌లెట్‌కీ ఒక్కోటి పెట్టు, మధ్యలో స్పేసులూ కామెంట్లూ సర్దకు, రేపు ఏదైనా పగిలితే ఏ ప్యాచ్ వల్లో సగం సగం చేసి వెతికే బైసెక్ట్ కొట్టినప్పుడు నువ్వే నాకు దణ్ణం పెడతావు. లాక్‌డెప్ (లాకుల తప్పులు పట్టేది), కాసాన్ (వదిలేసిన మెమరీ ముట్టుకుంటే పట్టేది), అటామిక్ స్లీప్ చెక్ (నిద్ర కుదరని చోట నిద్రపోతే పట్టేది) మూడూ ఆన్ చేసిన కెర్నల్ మీద ట్రాఫిక్ నడుస్తుండగానే డ్రైవర్‌ని ఎక్కించడం దించడం ఓ రాత్రంతా లూప్‌లో వదిలెయ్యి. మీ మేనేజర్‌కి రెండ్రోజులు అని ఇప్పటికే చెప్పేసి ఉంటే వెళ్ళి మూడు వారాలు అని చెప్పు, తిడతాడు, పడు.

కాయితం రాసేక ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పెట్టు, చూస్తాను. అమ్మకి చెప్పు, మావిడి తాండ్ర ఆరింది, ఆత్రేయపురం నించి పూతరేకులు కూడా తెప్పించేను, ఆదివారం బస్సుకి పంపుతున్నా.

మీ మావయ్య