ట్యాబ్లెట్‌కు ఎంఆర్‌ఐ తీసే చదువు, చదివించాలా?

ప్రశ్న: మాది జడ్చర్ల. మా బిడ్డ మహబూబ్‌నగర్‌లో బీఫార్మసీ మూడో సంవత్సరం. పోలేపల్లి సెజ్‌లో క్యూసీ (మందుల నాణ్యత పరీక్షించే) ఉద్యోగం చూసుకుంటుందనుకుంటే, ట్యాబ్లెట్ ఎట్లా కరుగుతుందో ఎంఆర్‌ఐతో చూసే రీసెర్చ్ చేస్తానంటోంది. అది మనుషులకు తీసే స్కాన్ కదా సార్?

జవాబు: ఆ స్కానే సార్, మీ బిడ్డ గాలి మాటలేం చెప్పట్లేదు. కాకపోతే ఆ పేరుతో ఉద్యోగ ప్రకటన మాత్రం మీకెక్కడా కనపడదు.

ట్యాబ్లెట్లు తయారుచేసే కంపెనీ క్యూసీ ల్యాబ్‌లో బిళ్ల నుంచి మందు ఎంత వేగంగా కరిగి వస్తుందో చూసే డిసల్యూషన్ మిషన్ ఉంటుంది. జార్లలో మామూలుగా 900 మి.లీ. ద్రావణం, 37 డిగ్రీల వేడి, ప్యాడిల్ (కలిపే తెడ్డు) నిమిషానికి 50 సార్లో 75 సార్లో తిరుగుతుంటే మధ్యమధ్యలో శాంపిల్ తీసి హెచ్‌పీఎల్‌సీకి (ద్రావణంలో మందు ఎంతుందో కొలిచే పరికరానికి) పెడతారు. మందు ఎంత బయటికొచ్చిందో తేలుతుంది, ఎందుకు ఆలస్యమైందో తేలదు. షుగర్‌కు వేసుకునే మెట్‌ఫార్మిన్ ఎస్‌ఆర్ లాంటి, మందును మెల్లగా వదిలే బిళ్లల్లో చాలావాటికి హెచ్‌పీఎంసీ అనే జిగురు పదార్థం కలుపుతారు. నీళ్లు తగలగానే నానిన సబ్జా గింజలా చుట్టూ జిగురు పొర కడుతుంది, మందు దాన్ని దాటుకుని మెల్లగా రావాలి. ఎంఆర్‌ఐ చూసేది నీళ్లలోని హైడ్రోజన్‌ని కాబట్టి పొడిగా ఉన్న నడిమి భాగం నల్లగా, నీరెక్కిన మేర తెల్లగా పడి, బిళ్లను కోయకుండానే ఆ పొర గంటగంటకూ ఎంత మందమైందో కొలవొచ్చు. మోటారు, ప్యాడిల్‌తో సహా మిషన్‌ని అయస్కాంతంలో దూర్చలేం గనుక ద్రావణం పారుతుండే ఫ్లో త్రూ సెల్ వాడతారు. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో ఇలాంటి పని జరిగింది.

రోజువారీ బ్యాచ్ రిలీజ్‌కు (తయారైన మందును పరీక్షించి బయటికి పంపడానికి) ఇంత ఖరీదైన మిషన్ ఎవరూ పెట్టరు, ఇది ఆర్ అండ్ డీ, పీహెచ్‌డీ దారి. అందుకే క్యూసీ దారి మూయొద్దు. సెలవుల్లో దగ్గర్లోని ఏదైనా యూనిట్‌లో ఇంటర్న్‌షిప్ దొరికితే డిసల్యూషన్ మిషన్ దగ్గరే పని నేర్చుకోమనండి, అది రాకుండా ఎంఆర్‌ఐ వచ్చినా ఉపయోగం లేదు.

నాకున్న అసలు అనుమానం లెక్కల మీద. బైపీసీ నుంచి వచ్చుంటే మొదటి సెమిస్టర్‌లో రెమెడియల్ మ్యాథ్స్ పాసై అక్కడితో వదిలేసి ఉంటుంది (అందరూ చేసేదే), కానీ ఎంఆర్‌ఐ బొమ్మ వచ్చేదే ఫోరియర్ ట్రాన్స్‌ఫార్మ్ అనే లెక్కతో. ఈ ఏడాది ఇంటర్ ఎంపీసీ లెక్కలు, ఫిజిక్స్ పుస్తకాలు ముందేసుకుని కూర్చోగలిగితే ఆసక్తి నిజమని నమ్మండి, ఆర్నెల్లలో పక్కన పడేస్తే క్యూసీనే నయం.

కూర్చుంటే మాత్రం జీప్యాట్ (ఎంఫార్మసీకి జాతీయ స్థాయి పరీక్ష) రాయించండి. అర్హత సాధించి ఎంఫార్మసీ చేరితే స్టైపెండ్ వచ్చే అవకాశం ఉంటుంది, వస్తే మీకు భారం తగ్గుతుంది. హైదరాబాద్ బాలానగర్‌లోని నైపర్ (కేంద్ర ప్రభుత్వ ఫార్మసీ విద్యాసంస్థ) అయితే ఇంకా మంచిది. పీహెచ్‌డీ సంగతి అప్పుడు చూద్దాం. ఎన్‌ఎంఆర్ (ఎంఆర్‌ఐకి మూలమైన విద్య) మీద పనిచేసే టీఐఎఫ్‌ఆర్ పరిశోధన సంస్థ క్యాంపస్ హైదరాబాద్‌లోనే ఉంది, బెంగళూరు ఐఐఎస్‌సీ కూడా దూరమేం కాదు.